కోల్‌కతా వీధిలో కారు కాపలా: ఇంట్లో చేసిన అలారాలు, ఇతర జాగ్రత్తలు

కారు మీద జరిగే దొంగతనాలు రెండు రకాలు. బండినే ఎత్తుకుపోవడం ఒకటి. బండి నిలిపిన చోటే ఉండగా అద్దం పగలగొట్టో తలుపు తెరిచో లోపలి సంచీ, ల్యాప్‌టాప్, స్టీరియో తీసుకుపోవడం, లేదా బయటి నుంచే చక్రం, బ్యాటరీ, సైడ్ మిర్రర్ ఊడబెరుక్కుపోవడం రెండోది. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వెలువరించే ‘క్రైమ్ ఇన్ ఇండియా’లో వాహనాల చోరీకి విడిగా ఒక వరుస ఉంది, రెండో రకం మాత్రం ‘ఇతర దొంగతనాలు’ అన్న పద్దులో కలిసిపోతుంది. కోల్‌కతా పోలీసుల ప్రధాన కార్యాలయం లాల్‌బజార్‌లోని డిటెక్టివ్ విభాగంలోనూ ప్రత్యేక శాఖ ఉన్నది మోటారు వాహనాల చోరీకే. అందుకే మన దగ్గర కారు భద్రత అనగానే మాటలన్నీ బండి పోకుండా చూసుకోవడం చుట్టూ తిరుగుతాయి. అద్దం పగిలితే అది యజమాని సొంత తలనొప్పి. ఈ రెండు రకాల తలనొప్పులకూ విరుగుడుగా పుట్టినవే ఇంట్లో అమర్చుకునే అలారాలు, రహస్య స్విచ్‌లు, మిణుకుమనే ఎర్రదీపాలు, గేర్ లాకులు. వీటిలో ఏది దేనికి పనికొస్తుందో తేల్చుకోవడానికి కోల్‌కతాను మించిన చోటు లేదు, ఎందుకంటే అక్కడ వేలకొద్దీ కార్లు రాత్రంతా వీధిలోనే ఉంటాయి. ఈ వ్యాసం చెప్పదలచిన మాట ఒక్కటే. అలారం చేయగలిగింది కేక వేయడం వరకే. ఆ కేక విలువ విని కదిలే మనిషిని బట్టి ఉంటుంది. అలాంటి మనిషి ఉన్నాడో లేడో చూసుకోకుండా అమర్చిన అలారం, ఎంత తెలివిగా తయారు చేసినా, ఖర్చు కిందికే వస్తుంది.

కోల్‌కతా విస్తీర్ణంలో రోడ్ల వాటా సుమారు 6 శాతమే. ఢిల్లీలో అది 20 శాతం పైమాటే. బాగ్‌బజార్, శ్యాంబజార్, హాతిబాగాన్ వంటి ఉత్తరపు పేటల్లో చాలా ఇళ్లు కారు సంసారంలో భాగం కాకముందు కట్టినవి. గుర్రబ్బండ్లు నిలిపిన పాత జమీందారీ భవనాలు కొన్నింటిని పక్కన పెడితే, గ్యారేజీ అన్న ఆలోచనే లేని కట్టడాలు. దక్షిణాన బాలీగంజ్, గడియాహాట్ వైపు అపార్టుమెంట్ల కింద పార్కింగ్ ఉన్నా, ఇంటికి రెండో కారు వచ్చిందంటే అది వీధి పాలే. పగలు నగరపాలక సంస్థ గుర్తించిన చోట్ల గంటకింత అని రుసుము వసూలు చేసే మనుషులు తిరుగుతుంటారు. రాత్రి వీధిలో నిలుపుకోవడానికి అదే సంస్థ నెలవారీ అనుమతి ఇస్తుంది. రాడన్ స్ట్రీట్‌లోని యంత్ర పార్కింగ్, న్యూ మార్కెట్ పక్కన లిండ్సే స్ట్రీట్ కింద కట్టిన భూగర్భ పార్కింగ్ నగరం అవసరంలో ఏ మూలకూ చాలవు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: రుసుము కట్టినవాడికి దక్కేది జాగా, కాపలా దాంట్లో కలిసి రాదు. పార్కింగ్ చీటీల మీద ‘బాధ్యత యజమానిదే’ అని అచ్చువేయడం దేశమంతటా ఉన్న ఆనవాయితీ. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్ కేసులో, అతిథి నుంచి తాళం చెవి తీసుకుని బండి నిలిపిన హోటల్ ఆ అచ్చు మాట వెనక దాక్కోవడం కుదరదని చెప్పింది. అయితే వీధి పార్కింగ్‌లో చెవి మన జేబులోనే ఉంటుంది కనుక, ఆ తీర్పు చూపించి పార్కింగ్ కుర్రాడిని నిలదీయడం అంత తేలిక కాదు.

ఈ నగరంలో ఇంటి ఉపాయాల చరిత్ర అంబాసిడర్‌తో ముడిపడి ఉంది. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో 1950ల చివరి నుంచి 2014 మే దాకా తయారైన ఈ కారు, బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణికి మన దేశపు రూపం. దాని ముందు తలుపుల్లో పెద్ద అద్దాన్ని ఆనుకుని, గాలి కోసం తిప్పుకునే మూడు మూలల చిన్న అద్దం ఉండేది. గాలి దూరే సందులో చెయ్యీ దూరుతుంది. లోపలి గడియ అక్కడికి అందుతుంది. పెట్రోలు అంబాసిడర్ యజమానులకు తెలిసిన పాత చిట్కా ఏమిటంటే, రాత్రి బండి నిలిపాక బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి, లోపల తిరిగే రోటార్ ముక్కను జేబులో వేసుకుని ఇంటికి పోవడం. బొటనవేలంత ఆ ముక్క లేకపోతే ప్లగ్గులకు నిప్పు అందదు, ఇంజను పలకదు. అంత ఓపిక లేనివాళ్లకు మెకానిక్‌లు ‘చోర్ స్విచ్’ పెట్టేవారు: ఇగ్నిషన్ తీగను మధ్యలో తెంచి, డ్యాష్‌బోర్డు కింద చేతికి తప్ప కంటికి దొరకని చోట ఒక స్విచ్. ఇప్పటికీ పాత బండ్లలో ఇది కనిపిస్తుంది. పైసల్లో పని, ఫలితం గట్టిది. కానీ ఈ రెండు చిట్కాలూ ఆపేది బండి కదలికనే. వెనక సీటు మీది సంచీకి వాటితో సంబంధం లేదు. కారు భద్రత గురించి మాట్లాడే చాలామంది తడబడేది ఈ మెట్టు దగ్గరే.

సంచీని కాపాడే ప్రయత్నంగా వచ్చింది హారన్ అలారం. దాని అమరిక కొంచెం దగ్గరగా చూడదగ్గది, ఎందుకంటే దాని బలమూ లోపమూ రెండూ ఆ తీగల్లోనే ఉన్నాయి. కారు తలుపు తెరిస్తే లోపలి దీపం వెలగడానికి తలుపు చట్రంలో స్ప్రింగు మీద ఆడే చిన్న మీట ఉంటుంది. తలుపు మూసి ఉన్నంతసేపు అది నొక్కుకుని ఉంటుంది; తెరవగానే బయటికి పొడుచుకొచ్చి దీపం తీగను బాడీ ఎర్త్‌కు కలుపుతుంది. ఆ తీగకు ఒక కొమ్మ వేసి రిలేకు ఇస్తే, రిలే హారన్‌ను మోగిస్తుంది. మధ్యలో రిలే ఎందుకంటే, మామూలు హారన్ 3 నుంచి 5 ఆంపియర్ల దాకా లాగుతుంది; దీపం కోసం చేసిన మీట అంత బరువు మోయలేక కాలిపోతుంది. రిలే తన కాయిల్‌కు తానే కరెంటు అందించుకునేలా ఇంకో కాంటాక్టు కలిపితే, దొంగ బెదిరి తలుపు మూసేసినా మోత ఆగదు. 1972 నుంచి బజారులో ఉన్న 555 టైమర్ ఐసీలు రెండు వాడితే రెండు గడువులు పెట్టుకోవచ్చు: యజమాని దిగి తలుపు వేసుకునేందుకు పదీ పదిహేను సెకన్లు, మోగడం మొదలయ్యాక దానంతట అదే ఆగేందుకు ఒక నిమిషం. సీటు కింద దాచిన చిన్న స్విచ్‌తో మొత్తాన్ని ఆపుకోవచ్చు. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టడం మాత్రం మానకూడదు. తీగ ఎక్కడైనా ఒరుసుకుని ఇనుముకు తగిలితే, దొంగ రాకముందే కారు తగలబడుతుంది. ఈ సామానంతా కోల్‌కతాలో చాందనీ చౌక్ మార్కెట్ సందుల్లో దొరుకుతుంది. ఎలక్ట్రానిక్స్ చదివే కుర్రాళ్లు దీనికి ఇప్పుడు అదిరితే మోగే వైబ్రేషన్ సెన్సరు, మనిషి ఒంటి వేడిని పసిగట్టే పీఐఆర్ కన్ను, ఆర్డ్యుయినో బోర్డు తగిలిస్తున్నారు.

లోపం ఎక్కడంటే, అద్దం పగలగొట్టినవాడు తలుపు తెరవడు. పక్క అద్దాలు టెంపర్డ్ గాజు. తయారీలో పైపొరను ఒత్తిడిలో, లోపలి పొరను లాగుడులో బిగించి ఉంచుతారు కాబట్టి, గట్టి మొన ఒక్కచోట పైపొరను దాటిందంటే అద్దం మొత్తం ఒక్కసారిగా శనగగింజలంత ముక్కలై రాలిపోతుంది. ముందు అద్దం అలా రాలదు. దాన్ని రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. పక్క అద్దం రాలాక చెయ్యి లోపలికి పోతుంది, సంచీ బయటికి వస్తుంది, తలుపు మీట నొక్కుకునే ఉంటుంది, హారన్ మౌనంగా ఉంటుంది. దీనికి మందు వైబ్రేషన్ సెన్సరు అనుకుంటే అది కొత్త జబ్బు తెస్తుంది. పక్కనుంచి బస్సు పోయినా, కాళీపూజ టపాకాయ పేలినా, వైశాఖపు గాలివానకు కొమ్మ విరిగి పడినా అది మోగుతుంది. సెన్సరును మందగిస్తే అద్దం పగిలినా పలకదు. చురుకు చేస్తే రోజంతా పలుకుతూనే ఉంటుంది. ఎండలో మూసిన కారు లోపలి వేడి 60 డిగ్రీలు దాటవచ్చు. మనిషి వేడి కోసం చూసే కన్ను అక్కడ తికమక పడుతుంది, లోపల వదిలిన పవర్ బ్యాంకు ఉబ్బే ప్రమాదమూ ఉంటుంది. వర్షాకాలపు తేమ అతుకులను తుప్పు పట్టిస్తుంది. ఇక బ్యాటరీ లెక్క: అలారం ఊరికే మేలుకుని ఉండడానికి 50 మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ గంటలు. చిన్న కారులోని 35 ఆంపియర్ గంటల బ్యాటరీలో రెండు వారాలకు దాదాపు సగం హరిస్తుంది. పూజ సెలవులకు ఊరెళ్లి వచ్చిన యజమానికి సంచీ భద్రంగానే ఉంటుంది, బండి మాత్రం తోస్తే తప్ప కదలదు.

అయినా మోత అంటూ ఒకటుంటే దొంగ పారిపోడా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. దీనికి జవాబు అమెరికా బీమా లెక్కల్లో ఉంది. అక్కడి హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ 1997లో బీమా దావాలను పరిశీలించి, అలారం ఉన్న కార్లలో దొంగతనపు నష్టాలు మొత్తం మీద తగ్గిన జాడ లేదని తేల్చింది. న్యూయార్క్‌లో 2003లో ఒక పౌర సంస్థ కారు అలారాలను నిషేధించాలని వాదిస్తూ ఏకంగా నివేదికే తెచ్చింది. అలారాలు మోగకపోవడం అక్కడ సమస్య కాలేదు. అవి ఎప్పుడూ మోగుతుండడం వల్ల ఎవరూ తల తిప్పి చూడలేదు. కోల్‌కతాలో మోత సమస్య ఇంకా పాతది, ఇంకా ముదిరింది. కలకత్తా హైకోర్టులో జస్టిస్ భగవతీ ప్రసాద్ బెనర్జీ 1996లో మైకుల గోలకు కళ్లెం వేస్తూ ఇచ్చిన తీర్పు దేశంలో శబ్ద కాలుష్యం మీద మొదటి పెద్ద అడుగుల్లో ఒకటి. తర్వాత 2000లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెళ్లు. కారు సైరను దగ్గర్లో 100 డెసిబెళ్లు సులువుగా దాటుతుంది. నిజంగా దొంగతనం జరిగినప్పుడు ఒక నిమిషం మోగితే ఎవరూ తప్పు పట్టరు. పిల్లి బానెట్ మీదికి దూకిన ప్రతిసారీ మోగితే, రెండు రాత్రుల్లో పొరుగువాళ్ల సహనం అయిపోతుంది, మూడో రాత్రి నిజం మోత విన్నా కిటికీ మూసుకుని పడుకుంటారు. అంటే చెడ్డ అలారం తన కేకనే కాదు, ఆ వీధిలోని ప్రతి కారు కేకనూ చవక చేస్తుంది. పోలీసు బండి స్వరాలు పలికే సైరను కొని పెట్టుకోవడం మరీ తెలివితక్కువ పని; రకరకాల స్వరాలు పలికే హారన్లను కేంద్ర మోటారు వాహనాల నియమాలు అసలే ఒప్పుకోవు.

మరైతే కంపెనీలు కార్లలో భద్రతా పరికరాలు ఎందుకు పెడుతున్నాయి, అవన్నీ దండగేనా అని అడగవచ్చు. కంపెనీ పరికరాల్లో ఫలితం చూపిందని గట్టి సాక్ష్యం ఉన్నది మోత చేయని ఇమ్మొబిలైజర్‌కు: తాళం చెవిలోని చిప్ సంకేతం సరిపోతే తప్ప ఇంజనుకు ఇంధనమో నిప్పో అందనివ్వని ఎలక్ట్రానిక్ చోర్ స్విచ్ అనుకోవచ్చు. ఐరోపా సంఘం 1998 నుంచి కొత్త కార్లకు దాన్ని తప్పనిసరి చేసింది. నెదర్లాండ్స్ లెక్కలపై వాన్ అవర్స్, ఫోలార్డ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. పరికరం లేని కార్ల మీదికి మళ్లిన దొంగతనాలను కూడా కలుపుకుని చూసినా, కారు పోయే అవకాశం సగటున సగానికి తగ్గిందని వాళ్ల అంచనా. ఉల్టా ఉదాహరణ అమెరికాది. ఇమ్మొబిలైజర్ లేకుండా అక్కడ అమ్మిన కొన్ని కియా, హ్యుండయ్ మోడళ్లను ఎలా ఎత్తుకుపోవచ్చో చూపే వీడియోలు 2021, 2022ల్లో పాకేసరికి ఆ కార్ల చోరీలు అమాంతం పెరిగాయి. ఇదంతా నిజమే. కానీ ఇవన్నీ మొదటి రకం దొంగతనానికి మందులు. పైగా బండి ఎత్తుకుపోవడం కష్టమయ్యేకొద్దీ బండిలోని సామాను, బండి భాగాలు ఎక్కువ ఊరిస్తాయి.

అద్దం పగలగొట్టేవాడిని ఆపేది ఏమిటి? వాడికి కావలసినవి మూడు: కనిపించే వస్తువు, చూడని జనం, కొన్ని సెకన్లు. సెకన్లను మనం పెంచలేం, అద్దం సంగతి చూశాం కదా. మిగిలిన రెండూ మన చేతిలో ఉన్నాయి, అందులో రెండోది కోల్‌కతాకు వరం. అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో రాసిన పుస్తకంలో, వీధిని కాపాడేది పోలీసుల కన్నా ముందు అక్కడి మనుషుల చూపేనని వాదించింది. ఉత్తర కోల్‌కతా పాడాలను (పేటలను) చూసినవాళ్లకు ఈ వాదన కొత్తగా అనిపించదు. ఇంటి ముందరి అరుగు మీద సాయంత్రమంతా సాగే కబుర్లు, మలుపులో టీ దుకాణం, క్యారంబోర్డు చుట్టూ మూగిన క్లబ్బు కుర్రాళ్లు, ఇస్త్రీ బండి మనిషి — వీళ్లకు ఏ కారు ఎవరిదో తెలుసు, ఆ కారు దగ్గర నిలబడాల్సిన అవసరం ఎవరికుందో కూడా తెలుసు. అలాంటి చోట అలారం అక్కర్లేదు. ఉన్నా ఒక్క కూత చాలు. అదే కారు రవీంద్ర సరోవర్ దగ్గరో మైదానం అంచునో పొద్దున్నే నడకకు వచ్చినవాళ్లు నిలిపినప్పుడు కథ వేరు. యజమాని ముఖం తెలిసినవాళ్లు లేరు, పైగా గంటసేపు తిరిగి రాడన్నది అతని బూట్లు చూసి ఎవరైనా చెప్పగలరు. దుర్గాపూజ రాత్రుల్లో ఇది ఇంకా తేటతెల్లం. జనం లక్షల్లో ఉంటారు, కానీ అందరూ అపరిచితులు, అందరి కళ్లూ పందిళ్ల మీద. దారులు మూసేయడం వల్ల ఎక్కడో తెలియని సందులో కారు వదిలి నడవాల్సి వస్తుంది. జనం ఉన్నారు కదా అని ధైర్యపడడం పొరపాటు. గుర్తుపట్టే జనం ఉన్నారా అన్నది చూసుకోవాలి.

తెలుగువాళ్లకు ఇది ఇంకొంచెం వర్తిస్తుంది. చెన్నై నుంచి నెల్లూరు, విజయవాడ, విశాఖ, శ్రీకాకుళం మీదుగా కోల్‌కతా శివార్లలోని డాన్‌కుని దాకా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద కాళీఘాట్, దక్షిణేశ్వర్ చూడ్డానికి సొంత కారులో వెళ్లే కుటుంబాలు ఉన్నాయి. ఏపీ, టీజీ అక్షరాల నంబరు పలక, వెనక అద్దంలోంచి కనిపించే సూట్‌కేసులు కలిస్తే చెప్పేది ఒకటే: ఈ బండివాళ్లు ఊరికి కొత్త, సామానంతా ఇందులోనే ఉంది, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగే తీరిక వీళ్లకు లేదు. హోటల్లో సామాను దించాకే గుడికి వెళ్లడం ఏ సైరను కన్నా మేలైన పని.

కనిపించే వస్తువు సంగతికి వద్దాం. ఖాళీ కారు అద్దం పగలగొట్టేవాడికి లాభం లేదు. కాబట్టి కారు ఖాళీగా ఉండాలి, ఖాళీగా ఉన్నట్టు కనపడాలి కూడా. ఫోను లేకపోయినా ఛార్జింగు తీగ వేలాడుతుంటే ఫోను ఉందేమోనన్న ఆశ పుడుతుంది. ముందు అద్దానికి ఫోన్ హోల్డరు అంటించి తీసిన గుండ్రటి మరక కూడా అదే మాట చెబుతుంది. గ్లవ్ బాక్స్ తెరిచి ఉంచితే లోపల ఆర్సీ జిరాక్సు, పాత బిల్లులు తప్ప ఏమీ లేవని బయటివాడికే తెలుస్తుంది. డిక్కీలో పెట్టాల్సినవి బయల్దేరే చోటే పెట్టుకోవాలి. గమ్యం చేరాక అందరూ చూస్తుండగా ల్యాప్‌టాప్ సంచీని డిక్కీలోకి మార్చడమంటే చిరునామా చెప్పడమే. ఇంత శ్రమ ఎందుకు, నల్ల ఫిల్ము అతికిస్తే సరిపోదా అంటే, ఆ దారి 2012 ఏప్రిల్‌లో మూసుకుపోయింది. అవిషేక్ గోయెంకా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములను తీసేయాలని ఆదేశించింది. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు దాటాలన్నది నియమం. తర్వాత గ్లేజింగ్ నియమాలు కొంత సడలినా ఈ శాతాలు మారలేదు. సామాను దాచేంత నలుపు ఇప్పటికీ చట్టవిరుద్ధమే.

సొంత కారులో సంచీ పెట్టుకునే స్వేచ్ఛ కూడా లేదా, తప్పు దొంగది కాక యజమానిదా అని కొందరు కోప్పడతారు. తప్పు దొంగదే, అందులో సందేహం లేదు. అయితే నష్టం ఎవరి మీద పడుతుందన్నది వేరే లెక్క. మామూలు మోటారు బీమా పాలసీ కారుకూ దానికి బిగించిన భాగాలకూ వర్తిస్తుంది. లోపల వదిలిన ల్యాప్‌టాప్‌కు విడిగా అదనపు రక్షణ కొనకపోతే ఒక్క రూపాయి రాదు. న్యాయం మన వైపున్నా, అద్దం ఖర్చూ ల్యాప్‌టాప్ ఖర్చూ మన జేబులోంచే పోతాయి.

స్టీరింగ్‌కు అడ్డంగా బిగించే పసుపుపచ్చ కడ్డీ, గేర్ లాకు, డ్యాష్‌బోర్డు మీద మిణుకుమనే ఎర్ర ఎల్‌ఈడీ, ‘ఈ వాహనంలో అలారం ఉంది’ అన్న స్టిక్కరు, కెమెరా — ఇవన్నీ దొంగ చూసి వెనుకాడాలని పెట్టేవి. వీటి మీద వచ్చే అభ్యంతరం బలమైనదే: దొంగ మన కారు వదిలి పక్కవాడి కారుకు పోతాడు, సమాజానికి ఒరిగిందేమిటి? చరిత్ర రెండు వైపులా మాట్లాడుతుంది. పశ్చిమ జర్మనీ 1963లో పాత, కొత్త తేడా లేకుండా కార్లన్నిటికీ స్టీరింగ్ తాళం తప్పనిసరి చేస్తే చోరీలు బాగా పడిపోయాయి. బ్రిటన్ 1971 నుంచి కొత్త కార్లకే పెట్టించింది. దొంగలు పాత కార్ల మీదికి మళ్లారు. దాచిన రేడియో ట్రాన్స్‌మిటర్ లోజాక్ మీద అయ్యర్స్, లెవిట్ 1998లో ప్రచురించిన అధ్యయనం ఇంకో కోణం చూపింది: ఏ కారులో అది ఉందో దొంగకు తెలియదు కాబట్టి, అది లేని కార్లకూ రక్షణ దక్కింది. ఈ లెక్కన మన ఎల్‌ఈడీ స్వార్థపు ఉపకరణమే. అయినా దాన్ని తప్పుపట్టలేం. 12 వోల్టులకు 1000 ఓముల రెసిస్టరు కలిపి పెడితే 10 మిల్లీ ఆంపియర్లు తాగే ఆ దీపం, తప్పుడు మోతలు మోగించి ఎవరి నిద్రా చెడగొట్టదు. కారుకు తొడిగే గుడ్డ కవరు మాత్రం రెండంచుల వ్యవహారం. లోపలిది కనపడకుండా చేస్తుంది, తీయడానికి సమయం పడుతుంది. కానీ కవరు కింద చక్రాల నట్లు విప్పేవాడిని కూడా అదే దాస్తుంది. వారాల తరబడి దుమ్ము పట్టిన కవరు, యజమాని ఊళ్లో లేడన్న సంగతిని వీధంతటికీ చాటుతుంది.

ఏ పరికరమూ అందుకోలేని పద్ధతి ఒకటుంది. తెలుగు పత్రికలు ‘దృష్టి మళ్లించి చోరీ’ అని రాసేది, ఢిల్లీలో ‘ఠక్ ఠక్ ముఠా’గా పేరుపడినది. సిగ్నల్ దగ్గరో పార్కింగ్‌లోనో ఒకడు అద్దం తట్టి, ఇంజను ఆయిలు కారుతోందనో, కింద నోట్లు పడ్డాయనో చెబుతాడు. యజమాని దిగి చూసేలోపు రెండోవాడు అవతలి తలుపు తీస్తాడు. ఇక్కడ తలుపు తెరిచేది యజమానే, అలారం ఆపేసి ఉంచిందీ ఆయనే. తాళం చెవి తీసుకుని, దిగీ దిగగానే మిగతా తలుపులకు తాళం వేసేయడం ఒక్కటే దీనికి అడ్డు.

ఇంట్లో పరికరం చేసుకోవాలన్న ఉత్సాహం ఉన్నవాళ్లకు ఈ వాదన చూపే దారి, మోత తగ్గించి కబురు పెంచడం. సెన్సరు పసిగట్టింది వీధికి కాకుండా యజమాని ఫోనుకు చేరాలి. సిమ్ కార్డుతో పనిచేసే చిన్న జీఎస్‌ఎం బోర్డు, జీపీఎస్ ట్రాకరు, పై అంతస్తు బాల్కనీ నుంచి కారు మీదికి తిప్పిన వైఫై కెమెరా ఈ పని చేస్తాయి. తప్పుడు కబురు వస్తే యజమాని ఒక్కడి నిద్రే పాడవుతుంది, పొరుగువాళ్ల నమ్మకం చెడదు. నాలుగో అంతస్తు నుంచి దిగేలోపు దొంగ పోడా అంటే, పోతాడు. కానీ కిటికీ తీసి పేరు పెట్టి అరిచే మనిషి గొంతు, ఎవరూ పట్టించుకోని సైరను కన్నా వీధిని త్వరగా లేపుతుంది. కిందికి దిగి కలబడడం అనవసరం. 100కో 112కో ఫోను చేయడం, పారిపోయేవాడు ఏ బండి మీద పోయాడో చూసుకోవడం చాలు. చాందనీలో కొనే బోర్డుల్లో పాత 2జీ మీద మాత్రమే పనిచేసేవి చాలా ఉన్నాయి. 2జీ సేవ లేని కంపెనీ సిమ్ వేస్తే అవి మూగబోతాయి, అది చూసి కొనాలి.

దొంగకు బుద్ధి చెప్పాలన్న కోపంతో చేసేవి ఇంకో రకం: తలుపు పిడికి కరెంటు షాకు, సీటు కింద మేకులు. ఇవి పనికిరావనడం చాలదు, నేరం. ఆస్తిని కాపాడుకునే హక్కును భారతీయ న్యాయ సంహిత గుర్తిస్తుంది, కానీ 37వ సెక్షన్ ప్రకారం అవసరానికి మించిన హాని చేసే హక్కు లేదు. యజమాని అక్కడ లేకుండా పనిచేసే ఉచ్చు, దొంగకూ బంతి కోసం వచ్చిన పిల్లవాడికీ తేడా ఎలా తెలుసుకుంటుంది?

పోయిన భాగాల సంగతి వేరు. పార్క్ స్ట్రీట్ చివర మల్లిక్ బజార్ పాత కార్ల విడిభాగాలకు దశాబ్దాలుగా పేరున్న చోటు. నిలిచిపోయిన మోడళ్లకు ప్రాణం పోసే చట్టబద్ధమైన వ్యాపారమది. అయితే గుర్తు లేని సైడ్ మిర్రర్ ఎవరిదో ఏ దుకాణదారూ చెప్పలేడు. అద్దాల మీద, మిర్రర్ల లోపలి అంచున రిజిస్ట్రేషన్ నంబరు చెక్కించుకుంటే ఆ భాగం అమ్ముడుపోవడం కష్టమవుతుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు తప్పనిసరైన హై సెక్యూరిటీ నంబరు పలక, ఒకసారి బిగిస్తే విరగ్గొట్టకుండా ఊడని తాళంతో వస్తుంది. చెక్కింపు కూడా ఆ బాటలోదే, కాకపోతే మన ఖర్చుతో.

అన్నీ చేసినా అద్దం పగిలితే, ముట్టుకోకముందే ఫొటోలు తీయడం, ఆ స్థలం ఏ ఠాణా కిందికి వస్తుందో అక్కడ ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించడం, అదే రోజు బీమా కంపెనీకి చెప్పడం వరుస. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న న్యాయ సంహిత 305వ సెక్షన్, ప్రయాణికుల లేదా సరుకుల రవాణాకు వాడే వాహనాన్ని గానీ అందులోని వస్తువును గానీ దొంగిలిస్తే ఏడేళ్ల దాకా శిక్ష వేయవచ్చంటుంది. ఫిర్యాదు రాసేటప్పుడు వస్తువు కారు లోపలి నుంచి పోయిందని స్పష్టంగా రాయించాలి. బండే పోయినప్పుడు ఎఫ్‌ఐఆర్ వెంటనే అయి, బీమా కంపెనీకి కబురు ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో దావా తోసిపుచ్చరాదని 2020 జనవరిలో గుర్షిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా కంపెనీలు రెండు తాళం చెవులూ అడుగుతాయి, రెండోది ఎక్కడో పారేసుకున్నవాళ్లకు అక్కడే చిక్కు. పాత మోటారు టారిఫ్ ప్రకారం, పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్‌ఏఐ ఆమోదించిన పరికరాన్ని బిగించి ఆటోమొబైల్ అసోసియేషన్ ధ్రువపత్రం తెచ్చుకుంటే సొంత నష్టపు ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గింపు. కోల్‌కతాలో ఆ పనికి 1904లో మొదలైన ఆటోమొబైల్ అసోసియేషన్ ఆఫ్ ఈస్టర్న్ ఇండియా ఉంది. చాందనీ సామానుతో ఇంట్లో చేసిన అలారానికి ఈ తగ్గింపు రాదు. పైగా వారంటీలో ఉన్న కొత్త కారు తీగలు కోసి దాన్ని కలిపితే, తర్వాత వైరింగ్‌లో ఏ లోపం వచ్చినా కంపెనీ మొదట వేలెత్తి చూపేది ఆ అతుకునే. అందువల్ల ఇంటి ప్రయోగాలు వారంటీ దాటిన బండ్ల మీద, కారు తీగలను తాకకుండా సొంత బ్యాటరీతో నడిచే పెట్టెల రూపంలో చేసుకోవడం మేలు.